జతగొంతు

పెళ్ళి వద్దనడానికి పైడిరాజు పదేళ్ళుగా కారణాలు మారుస్తూ వచ్చాడు. ఉద్యోగం ఖాయం కాలేదన్నాడు. ఖాయమయ్యాక ట్రాన్స్‌ఫర్ రానీ అన్నాడు. బదిలీ వచ్చాక ఏమీ అనకుండా ఊరుకున్నాడు. జాతకంలో ఏదో దోషముందని తల్లి తనంతట తనే అనుకుంది.

అసలు కారణం చెల్లెలు బృందకి ఒక్కదానికే తెలుసు. కొత్త కోడలితో ఇంటికొచ్చిన పెళ్ళికొడుకుని ఆడపడుచులు గుమ్మంలో ఆపుతారు. "నేనూ, మా ఆవిడ ఫలానా వచ్చాం" అని పేరు చెబితే గానీ లోపలికి రానివ్వరు. చుట్టాలంతా చుట్టూ మూగి నవ్వడానికి సిద్ధంగా ఉంటారు. నత్తి ఉన్నవాడు ఏ మాటనైనా తప్పించుకోగలడు. దాని బదులు ఇంకో మాట వేస్తాడు. పేరుకి బదులు లేదు.

ముప్పై నాలుగో ఏట అతనికి సంబంధం కుదిరింది. అమ్మాయి పేరు పుణ్యవతి. పార్వతీపురం డిపోలో బస్సు కండక్టరు. మాట మొదట్లో పైడిరాజుకి కష్టమైనవి రెండే అక్షరాలు, ప, బ. ఆ రెంటికీ పెదవులు మూయాలి. మూస్తే అతనికి తెరుచుకోవు. మ కూడా పెదవుల అక్షరమే గానీ అది ముక్కులోంచి జారిపోతుంది. మొదట్నుంచీ దానితో పేచీ లేదు.

పెళ్ళికి ఒప్పించింది బృంద. గుమ్మంలో అడ్డం నిలబడే ఆడపడుచు తనేననీ, అప్పటికి అతని చెవిలో జతగొంతు ఉంటుందనీ ఆమె చెప్పింది.

*

బృంద విశాఖపట్నంలో ఒక వాక్ పరిశోధనశాలలో పనిచేస్తుంది. జతగొంతు ఆలోచన ఆమెకి ఆ ప్రయోగశాలలో రాలేదు. చిన్నప్పుడు అన్న తెలుగు వాచకం పైకి చదవలేక ఆగిపోతే, ఆమె పక్కన కూర్చుని అతనితో కలిపి చదివేది. కలిసి చదివినంతసేపూ అతను ఆగేవాడు కాదు. బళ్ళో అందరూ కలిసి ప్రతిజ్ఞ చెప్పేటప్పుడూ ఆగలేదు. ఇంకో గొంతు తోడుంటే నత్తి తగ్గుతుందని ఈ పని చేసేవాళ్ళందరికీ తెలుసు. రోజంతా పక్కన నడిచే గొంతు ఎక్కడ దొరుకుతుందన్నదే ప్రశ్న.

ఆమె తయారుచేసిన దాంట్లో రెండు వస్తువులున్నాయి. మెడ మీద అంటించే పట్టీ ఒకటి, చెవిలో పెట్టుకునే గింజ ఒకటి. మాట బయటికి రాకముందే గొంతు కండరాలూ పెదవులూ దానికి సిద్ధమవుతాయి. పట్టీ ఆ కదలికను పట్టుకుంటుంది. గింజ ఆ మాటను మనిషి సొంత గొంతుతోనే చెవిలో పలుకుతుంది. నోరు దానితో కలుస్తుంది.

మొదటి నమూనా ప్రతిసారీ వెనకబడేది. కదలిక పూర్తయ్యేదాకా ఆగితే మాట దాటిపోతోంది. సగం కదలికలోనే మిగతా మాటేమిటో యంత్రం ఊహించాలి. అలా ఊహించాలంటే ఆ మనిషి మామూలుగా ఏం మాట్లాడతాడో దానికి తెలిసి ఉండాలి. పుస్తకాల భాష పనికిరాదని బృంద అనుకుంది. ప్రయోగానికి ఒప్పుకున్న పన్నెండుమంది దగ్గరా వాళ్ళు నిజంగా మాట్లాడిన మాటలే సేకరించింది. పైడిరాజు కరెంటు ఆఫీసులో అసిస్టెంట్ ఇంజనీరు. సబ్‌స్టేషన్‌కి వచ్చే ఫోన్లన్నీ అక్కడ రికార్డవుతాయి. పైవాళ్ళ అనుమతి తీసుకుని మూడేళ్ళ ఫోన్లు తెచ్చి ఇచ్చాడు. ఒక్కొక్కరికీ వాళ్ళ సొంత మాటల నుంచే తోడుని తయారుచేయడం తన పనిలో ముఖ్యమైన సంగతని బృంద వ్యాసంలో రాసుకుంది.

పట్టీ అంటించిన రోజు ఆమె అన్నచేత తల్లికి ఫోన్ చేయించింది. అతను అన్నం తిన్నావా అని అడిగాడు. మోకాలికి మందు రాశావా అన్నాడు. వచ్చే వారం శుభలేఖలు తెస్తానన్నాడు. ఎక్కడా ఆగలేదు.

"ఎవరు బాబూ నువ్వు?" అంది అవతల తల్లి. "మా అబ్బాయి ఫోను నీకాడికెలా వచ్చింది?"

ఆమె ఫోన్ పెట్టేసింది. అన్నా చెల్లెలూ నవ్వుకున్నారు. రెండోసారి చేసి, అమ్మా నేనే అని నమ్మించడానికి అతను చాలా చెప్పాల్సి వచ్చింది. అన్నీ ఆగకుండానే చెప్పాడు.

*

పుణ్యవతికి అతను ప్రతి సాయంత్రం ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. పెళ్ళిచూపుల్లో అతను నాలుగు మాటలకి మించి అనలేదు. ఆమె అది మర్చిపోలేదు.

"నిజం చెప్పండి. ఆ రోజు వచ్చింది మీరేనా, మీ తమ్ముడా?" అని అడిగింది.

అతను చెవిలో గింజ సంగతి చెప్పాడు. తను రోజంతా పార్వతీపురం, బొబ్బిలి, బాడంగి అని అరుస్తుంటాననీ, అలాంటిదేదో తన గొంతుకి విశ్రాంతినిచ్చేది ఉంటే చెల్లెలిని అడిగి పెట్టమనీ ఆమె అంది.

పెళ్ళయ్యాక ఎక్కడుండాలన్నది ఇంకా తేలలేదు. ఆమెకి తెల్లవారుజామున మొదటి బస్సు డ్యూటీ పడుతుంది. తనే పార్వతీపురానికి బదిలీ అడగాలని పైడిరాజు నిర్ణయించుకున్నాడు. ఒక సాయంత్రం ఆ మాట చెప్పబోయాడు. పెదవులు "పా" కోసం దగ్గరయ్యాయి. చెవిలో అతని గొంతే "ఇక్కడే" అంది. నోరు దాని వెంట వెళ్ళింది.

"ఇక్కడే ఉందాం. నువ్వు ఇటు మార్చుకుంటే సరి."

ఆమె "సరేలెండి" అంది.

తను అనాలనుకున్నది అది కాదని అతనికి తెలుసు. అయినా దిద్దలేదు. ఎక్కడా ఆగకుండా వచ్చిన వాక్యాన్ని వెనక్కి తీసుకోవడం అతనికి అలవాటు లేని పని. అంతవరకూ అలాంటి వాక్యాలు అతని దగ్గర ఎక్కువ లేవు.

*

కరెంటు స్తంభం మీద పని చేయాలంటే ముందు ఆ లైనులో కరెంటు ఆపించాలి. సెక్షన్ ఇంజనీరు సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి లైను పేరు చెబుతాడు. ఆపరేటరు ఆ పేరు తిరిగి చెబుతాడు. ఇంజనీరు అవునంటాడు. ఆపరేటరు కరెంటు ఆపి, ఆపానని చెబుతాడు. దీన్ని లైన్ క్లియర్ అంటారు. అది వచ్చాకే మనిషి పైకెక్కుతాడు.

పైడిరాజు పనిచేసే గరుగుపేటలో పాతకోవెల లైను ఒకటుంది. అతను ఆ పేరు ఎన్నడూ ఫోన్లో అనలేదు. ఊళ్ళోకి వెళ్ళే వాటిల్లో అది రెండోది కాబట్టి టౌన్ రెండు అనేవాడు. ఆపరేటర్లకి అలవాటై, "పాతకోవెల కదా సార్" అని వాళ్ళే అందించేవారు. అతను అవుననేవాడు. కిందటి వేసవిలో లోడు ఎక్కువైందని ఊరికి ఇంకో లైను వేసి, దానికి టౌన్ రెండు అని పేరు పెట్టారు. అప్పటినుంచి పాతకోవెల లైను మీద పనిపడితే పైడిరాజు ఫోన్ మానేశాడు. బండి మీద సబ్‌స్టేషన్‌కి వెళ్ళి, గోడ మీది బోర్డులో ఆ పేరు మీద వేలు పెట్టి చూపించేవాడు.

జతగొంతు వచ్చాక ఆ తిరుగుడు అక్కర్లేదనిపించింది. పాతకోవెల దగ్గర ఇన్సులేటరు పగిలిన రోజున స్తంభం కిందనుంచే ఫోన్ చేశాడు. సబ్‌స్టేషన్లో కొత్త ఆపరేటరు ఉన్నాడు. పైడిరాజు పెదవులు దగ్గరయ్యాయి. చెవిలో గొంతు "టౌన్ రెండు" అంది. అతనూ అదే అన్నాడు. ఆపరేటరు నియమం ప్రకారం "టౌన్ రెండు" అని తిరిగి చెప్పాడు. తప్పు వినబడి కాదనడానికి అతను నోరు తెరిచేసరికి, మూడేళ్ళుగా ఆ చోట వచ్చిన మాటే చెవిలో వచ్చింది. నోరు అవునంది. లైన్ క్లియర్ వచ్చేసింది.

లైన్‌మన్ సింహాచలం అప్పటికే కడ్డీ ఎత్తాడు. ఎక్కేముందు లైనుకి భూమితో కలిపిన కడ్డీ తగిలించి చూడటం పద్ధతి. పైడిరాజు ఫోన్ వదిలేసి అతని వైపు పరిగెత్తాడు. పెట్టకు అని అరవబోతే పెదవులు మూసుకున్నాయి. అందుకు ఏ గొంతూ తోడు రాలేదు. కడ్డీ కొన దగ్గర నిప్పు లేచింది. ఊరి సగంలో కరెంటు పోయింది.

సింహాచలానికి దెబ్బ తగల్లేదు. కడ్డీ కింద పెట్టి, స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. మంచినీళ్ళడిగాడు. తాగాక మాట్లాడాడు.

"ఏటి సారూ ఇది? ఇన్నాళ్ళూ ఆగి ఆగి చెప్పినారు, ఒక్కటీ తప్పు పోలేదు. ఇయ్యేళ గడగడా చెప్పీసినారు."

పైడిరాజు మెడ మీది పట్టీ పీకేశాడు.

*

బృంద మొదట లోపం యంత్రంలో వెతికింది. ఆ ఫోన్ సంభాషణను తెర మీద పెట్టి చూసింది. పట్టీ "పా" కదలికను సరిగానే పట్టుకుంది. ఆ కదలికతో మొదలయ్యే మాట అతని ఫోన్లలో ఒక్కటీ లేదు, ఆ సందర్భంలో పైడిరాజు మూడేళ్ళలో పలికిన మాట ఒక్కటే. యంత్రం దాన్నే అందించింది.

"ఇది తప్పు చెయ్యలేదన్నయ్యా. నువ్వు ఎప్పుడూ అన్నదే అంది."

"నేను అన్నదే అంది. అనాలనుకున్నది కాదు."

ఎన్ని మాటలిలా మారుస్తావని ఆమె అడిగింది. ఆ రెండు అక్షరాలతో మొదలయ్యేవన్నీ అన్నాడు. హోటల్లో పూరీ తినాలని ఉంటే ఇడ్లీ చెబుతాడు. అతనికి ఇడ్లీ ఇష్టమని ఇంట్లో రోజూ అదే చేస్తారు. విజయనగరం నుంచి బొబ్బిలి వెళ్ళాలంటే, దారిలో రామభద్రపురానికి టికెట్ తీసుకుని అక్కడ దిగి, మాట్లాడనక్కర్లేని షేర్ ఆటో ఎక్కుతాడు. పుణ్యవతితో తను అన్నదేమిటో, అనాలనుకున్నదేమిటో కూడా చెప్పాడు. నత్తిని అదుపులో పెట్టుకోవడానికి తను నేర్చిన విద్యల్లో ఇది ఒక్కటే ఎవరికీ కనబడనిదనీ, ఎవరికీ కనబడకపోవడమే తన గెలుపనుకున్నాననీ అన్నాడు.

బృంద కుర్చీ దగ్గరకు లాక్కుంది.

"ముప్పై ఏళ్ళు పక్కనే ఉన్నాను. నత్తి మీద నాకు డాక్టరేట్ కూడా ఇచ్చేరు. ఒక్కటీ కనిపెట్టలేదు."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"మరి నన్ను చిట్టి అని ఎందుకు పిలుస్తావు?"

ఇంట్లో అందరూ ఆమెను బృంద అనే పిలుస్తారు. చిట్టి అనేది అతనొక్కడే. అది ముద్దుపేరని ఆమె చిన్నప్పటినుంచీ అనుకుంటోంది. స్నేహితురాళ్ళకీ అలాగే చెప్పుకుంది.

పైడిరాజు చెవిలోంచి గింజ తీసి బల్ల మీద పెట్టాడు. పెదవులు మూశాడు. అవి తెరుచుకోలేదు. మెడలో నరం లేచింది. వదిలేసి, ఊపిరి పీల్చి, మళ్ళీ మూశాడు. మూడోసారికి "బృంద" అన్నాడు.

ఆమె తెర ఆపేసింది.

తర్వాత పని సంగతి ఆమే ఎత్తింది. తప్పించుకున్న మాటలన్నీ చదివించి యంత్రానికి మళ్ళీ నేర్పడానికి నెలలు పడుతుంది. పెళ్ళి అంతకంటే ముందే ఉంది. కానీ ఒక్క పేరయితే చేర్చగలదు.

"పుణ్యవతి. అదొక్కటీ పెట్టడానికి సాయంత్రం చాలు. గుమ్మంలో అది అంటుంది. నువ్వు దాని వెంట అనీ."

"అప్పుడు గుమ్మం దాటేది అది. నేను కాదు."

"అయితే నేను అడ్డం నిలబడను. అడిగేది నేనే కదా. అడగనని చెప్పీస్తాను."

"నిలబడాలి," అన్నాడు పైడిరాజు. "అడగాలి."

*

బృంద మిగతా పదకొండుమందినీ పిలిపించింది. మీరు మాటలు మారుస్తారా అని ఒక్కొక్కరినీ విడిగా అడిగింది. మందుల షాపాయన ముందు కాదన్నాడు. పేరు పలకలేని మాత్ర బదులు పలకగలిగిన కంపెనీ మాత్ర ఇస్తుంటానని, వెళ్ళబోతూ తలుపు దగ్గర చెప్పాడు. చరిత్ర పాఠం చెప్పే లెక్చరర్ కొందరు రాజుల్ని పేరు లేకుండానే పరిపాలింపజేస్తానని నవ్వాడు. మాటలు మార్చనివాళ్ళు ఆ పదకొండుమందిలో ఒక్కరూ లేరు.

నిధులిచ్చే కమిటీ ఆ నెలాఖరుకి రావాల్సి ఉంది. వాళ్ళు వచ్చేలోపే బృంద ప్రయోగం ఆపేసి, ఎందుకాపిందో వాళ్ళకి తెలియజేసింది. కమిటీలో ఒకాయన, మనిషి ధారాళంగా మాట్లాడుతున్నప్పుడు ఒకటీ అరా మాట తేడా వస్తే ఏమిటని అడిగాడు. తేడా వచ్చిన మాట ఒక మనిషిని స్తంభం ఎక్కించబోయిందని ఆమె జవాబిచ్చింది. నిధులు ఆగిపోయాయి. ఆమె మళ్ళీ మొదలుపెట్టింది. కొత్త జతగొంతు ముందు పలకదు. మనిషి మాట మొదలుపెట్టాకే వచ్చి కలుస్తుంది. పాతదానిలో సగం కూడా పనిచేయదు. ఇది ఎవరి మాటా మార్చదని మాత్రం ఆమె కమిటీకి చెప్పగలిగింది, చెప్పింది.

గరుగుపేటలో విచారణ జరిగింది. పైడిరాజు జరిగింది జరిగినట్టు చెప్పాడు. అతని సర్వీసులో మందలింపు పడింది. అది ఒప్పుకుని సంతకం పెట్టి బయటికొచ్చి, సెక్షన్లో అందరినీ, ముగ్గురు ఆపరేటర్లనీ కూర్చోబెట్టాడు. తనకి నత్తి ఉందన్నాడు. వాళ్ళకి తెలియని సంగతి కాదు. అతని నోట వినడం మాత్రం అదే మొదలు. ఇకనుంచి ప్రతి లైనూ దాని అసలు పేరుతోనే అంటాననీ, ఎంతసేపు పట్టినా ఆగమనీ, మాట అందించవద్దనీ చెప్పాడు. పేరు పూర్తిగా వినకుండా ఎవరైనా కరెంటు ఆపితే వాళ్ళ మీద తనే రిపోర్టు చేస్తానన్నాడు.

ఆ తర్వాత పాతకోవెల లైను మీద పనిపడినప్పుడు అతను స్తంభం దగ్గరనుంచే ఫోన్ చేశాడు. సింహాచలం తువ్వాలు పరుచుకుని కూర్చుని, సారు పేరు పూర్తిచేసేదాకా గట్టు మీద మేకల్ని చూస్తూ ఉన్నాడు. కడ్డీ తగిలించాడు. నిప్పు రాలేదు. ఎక్కాడు.

పుణ్యవతికి ఫోన్లో చెప్పడం పైడిరాజుకి ఇష్టంలేకపోయింది. విజయనగరంలో ఆమె బస్సే ఎక్కాడు. ఆమె టికెట్ మిషన్ పట్టుకుని వరసగా వచ్చి అతని ముందు ఆగింది. గుర్తుపట్టినట్టు కనబడలేదు.

"ఎక్కడికండీ?"

పెదవులు మూసుకున్నాయి. వెనక సీట్లో ముసలాయన రామభద్రపురమా, బొబ్బిలా అని అందించాడు. పుణ్యవతి అటు తిరిగి, తాతా నీ టికెట్ తీసుకున్నావు కదేటి, కూర్చో అంది. అతను పార్వతీపురం అనేసరికి బస్సు ఊరి చివర వంతెన దాటింది. ఆమె టికెట్ కొట్టి ఇచ్చింది.

"ఇన్నాళ్ళకి మీ గొంతు విన్నాను," అంది.

బస్సు ఖాళీ అయ్యాక, బదిలీకి దరఖాస్తు పెడుతున్నది తనేనని అతను చెప్పాడు. ఆ రోజు అన్నది ఎందుకన్నాడో కూడా చెప్పాడు. ఆమె అంతా విని, ఇకమీదట తనకి కోపం తెప్పించే మాటలైనా సరే, అవి అతనివే అయ్యుండాలంది.

*

పెళ్ళి అమ్మాయి ఊళ్ళో జరిగింది. మర్నాడు ఉదయం కారు విజయనగరంలో ఇంటి ముందు ఆగింది. వీధి చుట్టాలతో నిండిపోయింది. కొత్త దంపతులు కొంగు ముడితో మెట్లెక్కారు. గడప మీద బియ్యం కొలత పెట్టి ఉంది. బృంద రెండు చేతులూ ద్వారబంధాలకి ఆనించి నిలబడింది.

"ఎవరొచ్చేరు?" అని అడిగింది.

మొదట పుణ్యవతి చెప్పింది. నేనూ, మా ఆయన పైడిరాజూ వచ్చాం అని, బస్సులో ఊళ్ళ పేర్లు పిలిచే గొంతుతో చెప్పింది. పక్కింటి మేడ మీద బట్టలారేస్తున్నవాళ్ళు కూడా తొంగిచూశారు. అందరూ నవ్వారు.

బృంద అన్న వైపు తిరిగింది. అతని మెడ మీద పట్టీ లేదు. చెవిలో గింజ లేదు.

"నేనూ, మా ఆవిడ," అన్నాడు. పెదవులు మూసుకున్నాయి.

నవ్వు ఆగింది. పంతులుగారు ముహూర్తం సంగతి ఏదో అనబోయి, బృంద ముఖం చూసి ఊరుకున్నారు. మేనమామ ముందుకు వంగాడు.

"పుణ్యవతి అనీరా, అయిపోద్ది."

"మావయ్యా," అంది బృంద, చేతులు తియ్యకుండానే. "పెళ్ళికొడుకువి నువ్వు కాదు."

పైడిరాజు తలదించలేదు. వేళ్ళు బిగించలేదు. ఇంకో మాట వెతకలేదు. పెదవులు వదిలి, ఊపిరి పీల్చి, మళ్ళీ అదే అక్షరానికి వెళ్ళాడు. పు దగ్గర ఆగాడు. మళ్ళీ పు దగ్గరే ఆగాడు. పుణ్యవతి అతని నోటికేసి చూడలేదు. కళ్ళలోకి చూస్తూ నిలబడింది. కళ్ళు చెమ్మగిల్లినా తల్లి తుడుచుకోలేదు.

"పుణ్యవతీ వచ్చాం," అన్నాడు.

అప్పుడు వెనకనుంచి నాయనమ్మ గొంతు వినబడింది. ఆమెకి చెముడు. ఎవరో కుర్చీ వేస్తే వీధిలోనే కూర్చుంది.

"ఏటన్నాడర్రా? నాకినబడలేదు. పిల్ల పేరేటన్నాడు?"

చాలామంది చెప్పడానికి నోళ్ళు తెరిచారు. బృంద ద్వారబంధం మీదనుంచి ఒక చెయ్యి తీసి అందరినీ ఆగమంది.

"వాడినే అడుగు, నాయనమ్మా. మళ్ళీ చెప్తాడు."

పైడిరాజు వీధి వైపు తిరిగాడు. కొంగు ముడి ఉండటంతో పుణ్యవతి కూడా తిరిగింది. అతను పెదవులు మూశాడు. రెండోసారి మొదటిసారి కంటే ఎక్కువసేపు పట్టింది.